లాల్‌బాగ్ గడ్డి మూట

డెబ్బైలలో ఒక ఏడాది వానల్లేక మా ముదిగుబ్బలో శెనక్కాయ పంట పోయింది, గొర్రెలకు మేత లేదు. అయినా నాయన ఇచ్చిన మాట తప్పకుండా డిసెంబరు సెలవుల్లో మమ్మల్ని బెంగళూరు తీసుకెళ్లాడు. విధానసౌధ చూసి అమ్మా నేనూ నోరు తెరిచాం. అవ్వకు మాత్రం లాల్‌బాగ్ చేరేదాకా ఏదీ కంటికి ఆనలేదు.

అక్కడ తోటమాలి పచ్చిక కత్తిరించి కుప్పలు పోస్తున్నాడు. అవ్వ ఆగిపోయింది.

"ఈ గడ్డి ఏం చేస్తావప్పా?"

పారేస్తామని అతను కన్నడంలో చెప్పాడు.

"పారేస్తారా! ఆడ మా గొర్రెలు ఎండుపుల్లలు నములుతాండాయి!"

"అమ్మా, గాజుమేడ చూద్దాం రా," అని నాయన బతిమాలాడు.

"మీరు చూసి రాపోండి. నాకు ఈడ పనుండాది."

మేం తిరిగొచ్చేసరికి, చలికి కప్పుకున్న దుప్పటి విప్పి అందులో గడ్డి మూట కట్టించింది. తోటమాలే నవ్వుతూ ముడి బిగిస్తున్నాడు.

ఊరికి బస్సెక్కుతుంటే కండక్టరు అడ్డుపడ్డాడు. "ఏముండాది అవ్వా మూటలో?"

"బెంగళూరు నాయనా," అంది అవ్వ. బస్సంతా నవ్వింది. మూట పైకెక్కింది.

మర్నాడు పొద్దున గొర్రెలు ఒకదాన్నొకటి తోసుకుంటూ మేస్తుంటే, అవ్వ దొడ్డిగోడకు ఆనుకుని, చేతిలో కాఫీ చల్లారుతున్నా పట్టించుకోకుండా చూస్తూ నిలబడింది.