లేని తోట కొలతలు

దేశంలోని అడవులూ పొలాలూ కలిసి ఎంత బొగ్గుపులుసు వాయువు తాగి దాచుకున్నాయో తేల్చే మహత్కార్యం దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ పై అంతస్తులో జరిగేది. ఆ గది కిటికీ తీస్తే ఒక్క చెట్టూ కనబడదు. యజమాని త్రినాథరావుకు వేపకూ కానుగకూ తేడా తెలియదు. అయినా చెట్ల మీద ఆయన రిపోర్టులు ఢిల్లీ దాకా వెళ్లేవి, ఆయనకు శాలువాలు తెచ్చిపెట్టేవి.

నిజంగా చెట్టును ముట్టుకునేవాడు బాల్‌రాజ్. ఎల్బీనగర్ చుట్టుపక్కల ఇంకా జొన్నచేలు ఉన్న రోజుల్లో పుట్టిన రైతుబిడ్డ, యాభై దాటినవాడు. నేల నుంచి సరిగ్గా నాలుగున్నర అడుగుల ఎత్తున మానుకు టేపు చుట్టి, కొలత రాసి, కింద సంతకం పెట్టేవాడు. ఆ కొలతను బట్టే చెట్టులో ఎంత కార్బన్ ఉందో ఆఫీసు కంప్యూటర్ చెప్పేది. పదహారేళ్లలో చీమలు కుట్టినా, ముళ్లు గీరినా అంచనాగా ఒక్క అంకె వేసి ఎరగడు. మంచి పేరే. ఆ పేరు ఎంత తేలిగ్గా పోయిందో చూడండి.

2011లో సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు డిపో దాటలేదు. బాల్‌రాజ్ సాయంత్రాలు ఎల్బీనగర్ చౌరస్తాలో దీక్షా శిబిరంలో కూర్చుని జై తెలంగాణ అని గొంతు పోయేలా అరిచేవాడు. అచ్చంపేట అడవి నుంచి నగరం అంచు దాకా నలభై చోట్ల కొలతలు మిగిలిపోయాయి. త్రినాథరావు పిలిపించాడు.

“బస్సుల్లేకపోతే ఏంటయ్యా? చెట్లేమన్నా సమ్మె చేస్తున్నాయా? అయిదేళ్ల కిందటి కాగితాలు తియ్యి. చెట్టుకి ఎనిమిది సెంటీమీటర్లు కలుపు, సంతకం పెట్టు.”

“చూడకుండ ఎట్ల రాస్త సార్?”

“ఎవడొచ్చి చూస్తాడు? నెలాఖరుకి రిపోర్టు వెళ్లకపోతే ఆఫీసు మూసుకోవడమే. ఆపైన నీ ఇష్టం.”

బాల్‌రాజ్ రాశాడు. శిబిరంలో న్యాయం కోసం అరిచే పెద్దమనిషి కుర్చీలో కూర్చుని మూడు రోజుల్లో అడవినంతా పెంచేశాడు. చాయ్ తాగుతూ టేకును పెంచాడు, మిర్చిబజ్జీ తింటూ చింతను పెంచాడు. మొదటి కాగితానికి పూటంతా పట్టింది, పదో కాగితం పది నిమిషాల్లో అయిపోయింది.

నలభయ్యోది వనస్థలిపురం వెనక ఒక మామిడితోట. అది బాల్‌రాజ్ తాత పెట్టిన తోటే. 2006లో దానికి టేపు చుట్టిందీ బాల్‌రాజే, మరుసటి ఏడాది ప్లాట్ల ఆశతో దగ్గరుండి రంపం పెట్టించిందీ బాల్‌రాజే. చెట్లు కొలిచేవాడు సొంత చెట్లు నరికించాడంటే నవ్వుతారని ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడూ చెప్పలేదు. లేని తోటకు కూడా చెట్టుకు ఎనిమిది సెంటీమీటర్లు కలిపి సంతకం పెట్టాడు.

సమ్మె ముగిశాక, దీక్షా శిబిరం ఇంకా నడుస్తుండగానే, ఢిల్లీ ఆఫీసు తరఫున సాంబమూర్తి అనే అధికారి తనిఖీకి వచ్చాడు. నలభైలో ఏదో ఒకటి చూస్తే చాలట. ఎండలో అడవులు తిరిగే ఓపిక ఆయనకెక్కడిది? ఆటోలో పోయి మధ్యాహ్నం భోజనానికి వెనక్కి రాగలిగిన చోటు ఎంచుకున్నాడు. మామిడితోట.

ముగ్గురూ దిగేసరికి ఎదురుగా నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్. బాల్కనీల్లో చీరలు ఆరుతున్నాయి. బాల్‌రాజ్ ఆటో పక్కనే ఆగిపోయాడు. త్రినాథరావు మాత్రం తడుముకోలేదు.

“ఉద్యమం సార్. రోడ్లకి అడ్డం వెయ్యడానికి చెట్లన్నీ నరికేశారు. మావాడు కొలిచిన మర్నాడే!”

నెలన్నర సమ్మెలో నాలుగంతస్తులు లేచి, జనం కాపురానికొచ్చి, బట్టలు కూడా ఆరేసుకున్నారు కాబోలు! సాంబమూర్తి ఆ మేడను కింద నుంచి పైదాకా చూశాడు, తర్వాత గడియారం చూశాడు.

“సరే, అలాగే రాసేద్దాం. ‘ఆందోళనకారులు నరికివేశారు.’ కొలిచినాయన సంతకం పెట్టాలి, అంతే.”

కాగితం బాల్‌రాజ్ చేతికొచ్చింది. సంతకం పెడితే ఉద్యోగం ఉంటుంది, పరువూ ఉంటుంది. రోజూ పక్కన కూర్చునే శిబిరం మనుషులు చెట్లు నరికిన దొంగలుగా ఢిల్లీ కాగితాల్లోకి ఎక్కుతారు. నలభై అబద్ధాలు మింగిన మనిషికి ఈ ఒక్కటీ గొంతు దిగలేదు. ఆ వాక్యం కొట్టేసి కింద రాశాడు. సంతకం పెట్టి చదివి వినిపించాడు.

“గీ తోట మాదే సార్. 2007ల నేనే కొట్టిచ్చిన. తక్కిన ముప్పై తొమ్మిది ఆఫీసుల కూసుండి రాసినయే.”

“పిచ్చెక్కిందా నీకు?” అని త్రినాథరావు కాగితం లాక్కుని నాలుగు ముక్కలు చేశాడు. సాంబమూర్తి అపార్ట్‌మెంట్ గేటు మీద పేరు చదువుతున్నట్టు అటు తిరిగి నిలబడ్డాడు. కాసేపటికి, “ఇంకో ఫారం ఉందా త్రినాథరావుగారూ?” అని అడిగాడు. ఉంది. సంతకం చేసే మనిషికి కొదవా? ఆఫీసులో ఎవరితోనైనా పెట్టించవచ్చు.

బాల్‌రాజ్ ఆటో ఎక్కలేదు. నడిచి నడిచి సాయంత్రానికి చౌరస్తా చేరాడు. ఇన్నాళ్లూ వెనక వరసలో నినాదాలకే పరిమితమైనవాడు ముందుకొచ్చి మైకు అడిగాడు. ఏదో పాట పాడతాడనుకుని ఇచ్చారు.

“మా మామిడితోట కొట్టిచ్చింది నేను,” అన్నాడు. “గది మీరు కొట్టిండ్రని రాస్తున్నరు. నేను రాసిన దొంగ కొలతలు కూడ ఉన్నయి. జర కూసోండ్రి, అన్ని చెప్త.”