పరీక్షకు పిలిచే గుండె

ఆ సర్కారు పెద్దాసుపత్రి గుండె వార్డులో దర్జీ అంటే తెలియనివాళ్లు లేరు. వైద్య విద్యార్థులకు పరీక్షలొచ్చాయంటే చాలు, ప్రొఫెసరుగారి గది నుంచి ఫోను వెళ్లేది, "రెండ్రోజులు వచ్చి పడుకోవయ్యా" అని. ఆయన గుండెలో ఒక కవాటం సరిగా మూసుకోదు. ఆ చప్పుడు విని రోగం పేరు చెప్పినవాళ్లు గట్టెక్కినట్టే. తెలియక బిక్కమొహం వేసినవాళ్లకు దర్జీయే దుప్పటి అంచున సైగ చేసేవాడు. తన మంచమైనా, పక్క మంచమైనా సరే, చెడింది ఒక కవాటమైతే ఒక వేలు, రెండైతే రెండు. పన్నెండేళ్లుగా ఇదే తంతు.

"ఎంతమందిని డాక్టర్లను చేశానో తెలుసా!" అని ఇంట్లో మీసం మెలేసేవాడు.

"సర్లెండి, ముందా చొక్కాకి గుండీలు కుట్టండి" అనేది భార్య.

ఈ ఏడు పక్క మంచం మీదికి ఓ బస్సు కండక్టరు వచ్చాడు. నిన్నగాక మొన్న జబ్బు బయటపడ్డవాడు! చెడినవి రెండు కవాటాలట. ఇంకేముంది, విద్యార్థులంతా అక్కడే మూగారు. "ఇలాంటి కేసు దొరకడం మన అదృష్టం" అంటూ ప్రొఫెసరుగారు అతని భుజం తట్టారు. దర్జీకి ఒళ్లు మండిపోయింది. రోగంలో కూడా పోటీకొచ్చాడే దౌర్భాగ్యుడు!

కండక్టరు పాపం, "పెద్దాయనా, అరటిపండు తింటారా?" అన్నాడు.

"నువ్వే తిను. పెద్ద రోగివి కదా, బలం కావాలి" అని దర్జీ అటు తిరిగి పడుకున్నాడు.

పరీక్షనాడు కండక్టరు గుండె ఓ అమ్మాయి వంతుకొచ్చింది. మూడేళ్లుగా దర్జీని "బాబాయ్" అని నోరారా పిలిచే పిల్ల. స్టెతస్కోపు ఆనించి విన్నది, మళ్లీ విన్నది, ఎటూ తేల్చుకోలేక బాబాయి వైపు చూసింది. రెండని ఆయనకు తెలుసు. అయినా ఒక్క వేలే చూపించాడు. కండక్టరు గొప్ప తగ్గాలి, అంతే. ఆ పిల్ల ఏమైపోతుందన్న ఆలోచనే రాలేదు.

అమ్మాయి తప్పింది. ఆర్నెల్లాగి మళ్లీ పరీక్షకు రావాలి. ఆ ఆర్నెల్లూ దర్జీకి అన్నం సయించలేదు.

మళ్లీ ఫోను వచ్చింది. కండక్టరు ఆపరేషను చేయించుకుని ఎప్పుడో ఇంటికెళ్లిపోయాడు. ఈసారి అమ్మాయి వంతుకు దర్జీయే వచ్చాడు. దేవుడు నాకో అవకాశమిచ్చాడు అనుకుని, ఆమె దగ్గరకు రాగానే వేలు సిద్ధంగా పెట్టాడు. ఆమె అటు చూడనే లేదు.

"మీ పేరు? వయసు?"

"నేనమ్మా, బాబాయిని."

"వయసెంతండీ?"

చెప్పాడు. ఆమె స్టెతస్కోపు గుండె మీద పెట్టింది. ఆయన ఇక ఆగలేకపోయాడు.

"తల్లీ, ఆ రోజు కావాలనే తప్పు చూపించాను. వాడి చుట్టూ మీరంతా తిరుగుతుంటే ఓర్వలేక, కుళ్లుతో..."

"మాట్లాడకండి" అంది ఆమె, తల ఎత్తకుండానే. "మీరు మాట్లాడుతుంటే గుండె వినపడటం లేదు."

దర్జీ సిద్ధంగా పెట్టిన వేలు మడిచి దుప్పటి కిందికి లాక్కున్నాడు.