కోళ్లు కాపురమున్న ట్రాము

మొన్న ఆదివారం సన్నగా వాన పడుతుంటే, కెనడాలోని మా ఒషావా ఊరి నుంచి గంట దూరంలో సరస్సు ఒడ్డున తిరిగే పాత కరెంటు ట్రాములో మనవరాలిని ఎక్కించాను. చెక్క సీటు మీద కూర్చుందో లేదో, ఆ పిల్ల ముక్కు ఎగబీల్చి, "తాతా, దిస్ సీట్ స్మెల్స్ ఫన్నీ!" అంది. డ్రైవరు కాలితో గంట మోగించాడు, పైన తీగ దగ్గర నిప్పురవ్వ మెరిసింది, బండి ఒక్క కుదుపుతో కదిలింది. అంతే, నా వయసు సగానికి సగం తగ్గిపోయింది. ఎన్నిసార్లు వార్నిష్ కొట్టినా, వాన పడ్డప్పుడు ఆ చెక్క తన పాత కాపురం సంగతి బయటపెట్టేస్తుంది. ఆ సీట్ల మీద ఒకప్పుడు కోళ్లు గుడ్లు పెట్టేవి. వాటిని ఖాళీ చేయించిన ఘనుల్లో నేనూ ఒకణ్ణంటే పిల్ల నమ్మలేదు. మీరైనా నమ్మండి.

మాది తెనాలిలో స్టీలు సామాన్ల కొట్టు. ఎదురు కొట్టు పెదనాన్నది, మూల మీద కొట్టు మేనమామది. ఇంట్లో ఇంకో గరిటె పప్పుకి కూడా బేరమాడి పెరిగినవాణ్ణి. మన తరానికి కొత్తగా చెప్పేదేముంది, కొనేవాడు వస్తువుకు వంక పెట్టాలి, అమ్మేవాడు గిట్టదనాలి, కొనేవాడు మెట్లు దిగాలి, అప్పుడు అమ్మేవాడు రండి బాబూ అంటూ వెనక్కి పిలవాలి. ఆ విద్యంతా మూటకట్టుకుని కెనడా వచ్చి, కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో స్టోర్సు గుమస్తాగా చేరాక, ఇక్కడి కొట్లలో వస్తువుకు అంటించిన చీటీయే తప్ప మనిషి మాట్లాడడని తెలిసి ఎంత దిగులుపడ్డానో! చలికోటు కొన్నప్పుడు మాత్రం పట్టుబట్టి ధర తగ్గించానని లంచ్ రూములో అందరికీ చెప్పుకుని తిరిగాను. అది అప్పటికే సేల్‌లో అందరికీ తగ్గించి పెట్టిన ధరేనని మా ఆవిడ కనిపెట్టేసింది. "పాపం, ఆ కొట్లో అమ్మాయి మిమ్మల్ని చూసి జాలిపడి ఊరుకుందండీ" అని ఓదార్చింది కూడా.

ఆ గొప్పలు నమ్మిన ఒకే ఒక్క మనిషి మా సూపర్‌వైజరు. శనివారాలు ఆయనా, రిటైరైన మరికొందరు పెద్దాళ్లూ కలిసి, ఎప్పుడో మూతబడ్డ ఈ ట్రాము లైనును మళ్లీ బతికించే పనిలో ఉండేవారు. టొరంటోలో తిరిగే స్ట్రీట్‌కార్లు దీని ముందు ఏనుగులు. ఇది మన మీటరు గేజి కన్నా సన్నటి పట్టాల మీద, ఒకవైపు ఇద్దరూ, ఇంకోవైపు ఒక్కరూ కూర్చుని మోకాళ్లు రాసుకుంటూ వెళ్లే బుల్లి బండి. పట్టాలు వేశారు, తీగ లాగారు, చక్రాలూ మోటార్లూ ఎక్కడెక్కడి నుంచో సంపాదించారు. వాటి మీద కూర్చోబెట్టాల్సిన పెట్టె మాత్రం లేదు. లైను మూసేసినప్పుడు ఆ పెట్టెలను చుట్టుపక్కల రైతులకు అమ్మేస్తే, కొన్ని కొట్టాలయ్యాయి, కొన్ని పొయ్యిలో కట్టెలయ్యాయి. ఇక మిగిలింది ఒకే ఒక్కటి, ఒక పెద్దావిడ పొలంలో కోళ్ల షెడ్డుగా ఉందని తెలిసింది. అదీ దొరక్కపోతే వాళ్లు ఇన్నేళ్లు పడ్డ చాకిరీ అంతా వట్టి పట్టాలుగానే మిగిలిపోతుంది. "బేరగాడివి నువ్వుండగా మాకేం భయం!" అంటూ సూపర్‌వైజరు నన్ను ట్రక్కు ఎక్కించాడు. నేను పెళ్లికొడుకులా ఎక్కాను.

పెద్దావిడ తలుపు తీయగానే షెడ్డు లోపల అడుగు పెట్టాం. కోళ్లు టికెట్టు కొన్న ప్రయాణికుల్లా వరసగా కూర్చున్నాయి. కప్పు కింద రంగు అద్దాల్లోంచి ఎర్రగా, పచ్చగా వెలుతురు వాటి ఈకల మీద పడుతోంది. మట్టి కొట్టుకుపోయిన ఇత్తడి పిడిని బొటనవేలితో రుద్దితే తళుక్కుమంది. ఎగిరి గంతెయ్యాలనిపించింది, కానీ నచ్చిందని మొహంలో కనబడనిస్తే నేను కొట్టువాళ్ల పిల్లాణ్ణేనా? అందుకని నేల పుచ్చిందన్నాను, కప్పు కారుతోందన్నాను, ఈ కంపు ఎన్నేళ్లకీ పోదన్నాను, ఊరికే ఇచ్చినా మోసుకెళ్లే ఖర్చు దండగన్నాను. పెద్దావిడ ఒక్కో మాటకీ తలాడిస్తూ శ్రద్ధగా వింది. ఇక మిగిలింది మెట్లు దిగడమే. సూపర్‌వైజరు చెయ్యి పట్టుకుని ట్రక్కు దాకా లాక్కొచ్చి, వెనక్కి చూడొద్దు, ఇప్పుడే పిలుస్తుందని చెవిలో చెప్పాను. పిలవలేదు. ట్రక్కు స్టార్ట్ చేయించాను. అప్పటికీ పిలవలేదు. ఆవిడ ఇంట్లోకి వెళ్లి, కాసేపటికి మళ్లీ బయటికొచ్చింది. నేను మీసం దువ్వుకునేలోగా కిటికీ దగ్గరికి వచ్చి, ఎంతో మర్యాదగా, "మీకు శ్రమ ఇచ్చాను, సారీ. అది అంతగా పాడైందని నాకు తెలీదు. అలాంటిది మీకు అంటగడితే మోసం అవుతుంది. తమ్ముడికి ఫోన్ చేశాను, రేపు ట్రాక్టరు తెచ్చి విరగ్గొట్టి తగలబెట్టేస్తాడు" అంది.

సూపర్‌వైజరు నావైపు చూసిన చూపు పగవాడికి కూడా వద్దు. ఒక్క ఉదుటున ట్రక్కు దిగాను. కొనబోయే వస్తువును మెచ్చుకోవడం మా ఇంటావంటా లేదు. అయినా ఆ పొలంలో నిలబడి ఇత్తడిని పొగిడాను, చెక్కను పొగిడాను, రంగు అద్దాలను పొగిడాను, నోరు ఆగక కోళ్లను కూడా పొగిడాను. ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని నిలదీసింది.

"ఇందాక చెప్పింది అబద్ధమా, ఇప్పుడు చెప్తున్నది అబద్ధమా?"

బేరం మధ్యలో నిజం చెప్పడం నా జీవితంలో అదే మొదలు. "మా ఊళ్లో అక్కర్లేని వస్తువైతే బాగుందని చెప్పి వెళ్లిపోతాం మేడమ్. కావాలని మనసు పడ్డదాన్నే అలా తిడతాం."

ఆవిడ కాసేపు నన్నూ, కాసేపు ట్రామునూ చూసి, "అమ్మో, అంత తిట్టావంటే ఎంత నచ్చిందో!" అని పగలబడి నవ్వింది. వెంటనే మళ్లీ ఇంట్లోకి వెళ్లి తమ్ముడికి ఫోన్ చేసి ట్రాక్టరు వద్దంది. డబ్బూ వద్దంది, తన కోళ్లకు మాత్రం చలి ముదరకముందే కొత్త ఇల్లు కట్టివ్వమంది.

కట్టాం. స్టోర్సు గుమస్తాను నేను కూడా సుత్తి పట్టి, మేకుల కన్నా నా వేళ్లనే ఎక్కువ కొట్టుకున్నాను. షెడ్డు పూర్తయిన రోజు ఆవిడ దాని చుట్టూ తిరిగి, తలుపు వంకరంది, కిటికీ చిన్నదంది, ఇందులో ఉండటానికి నా కోళ్లు ఒప్పుకోవంది. పెద్దాళ్ల మొహాలు వాడిపోయాయి. నాకు మాత్రం సంతోషం పట్టలేదు. "నచ్చింది! ఆవిడకి నచ్చింది!" అని అరిచాను. ఆవిడ కన్నుగీటింది.

క్రేను ఆ పెట్టెను గాలిలోకి లేపి చక్రాల మీద దించింది. ఏడాదికి పైగా గీకి, అతికి, రంగులు వేశాక ఒక పొద్దున పైన గడ తీగను అందుకుంది, లోపల దీపాలు ఒక్కసారిగా వెలిగాయి, బండి తనంతట తాను ముందుకు కదిలింది! సూపర్‌వైజరు డ్రైవరు స్థానంలో నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఒంటి సీటులో పెద్దావిడ కూర్చుని దారి పొడుగునా కుదుపులకు వంకలు పెడుతూనే ఉంది. ఆ తర్వాత కూడా శనివారాల్లో వచ్చేది, మా ఆవిడ పంపిన పులిహోరలో ఉప్పు తక్కువైందని డబ్బా ఖాళీ చేసేది.

ఇప్పుడు సూపర్‌వైజరూ లేడు, పెద్దావిడా లేదు. ఆ పొలం ఉన్నచోట ఒకేలాంటి ఇళ్లు బారులు తీరాయి. తెనాలిలో మా కొట్లు పోయి షోరూములు వచ్చాయట. మేనమామ మనవడు సరుకంతా ఫోనులోనే అమ్ముతాడు, నచ్చనివాళ్లు మాటా పలుకూ లేకుండా తిప్పి పంపేస్తారు. హాయిగానే ఉంది, కాదనను, నేనూ అలాగే కొంటున్నాను. కానీ ఈ ఏడాది మా గుమ్మం ముందు దిగిన అన్ని పార్సిల్ పెట్టెల్లో, ఒక్కదాన్నైనా నాకు అమ్మిన మనిషి మొహం ఎలా ఉంటుందో చెప్పమంటే, చెప్పలేను.