ఉడికే తౌడులో మా ఎంజైమ్

2004 చలికాలం. మొయినాబాద్ దగ్గర ఒక చిన్న ఎంజైమ్ యూనిట్‌లో ఫెర్మెంటేషన్ చూసేదాన్ని. పెద్ద స్టీలు ట్యాంకులో సూక్ష్మజీవులను పెంచి, అవి వదిలే సరుకును వడకట్టుకోవడమే ఆ పని. నాతో చదివినవాళ్ళంతా అమీర్‌పేటలో కోర్సులు చేసి సాఫ్ట్‌వేర్‌లో చేరిపోయారు. "నువ్వింక బూజే పెంచుతున్నవా?" అని ఫోన్లలో ఆటపట్టించేవాళ్ళు. పెంచుతున్నాను, ఏం? నాకు ఆ బూజంటే ముద్దు.

దాని పేరు ఆస్పర్‌జిల్లస్, దారాలు దారాలుగా అల్లుకునే జాతి. అందులో ఒక బ్యాక్టీరియా జన్యువును పెట్టి, దానిచేత ఫైటేజ్ అనే పరాయి ఎంజైమ్‌ను చేయించేవాళ్ళం. దాణాలో వేసే తౌడులో, ఎముకలకూ గుడ్డు పెంకుకూ కావలసిన ఫాస్ఫరస్ ఉన్నా కోడి కడుపు దాన్ని విడదీసుకోలేదు. ఫైటేజ్ ఆ పని చేసిపెడుతుంది. కాకపోతే పరాయి బరువు నెత్తిన పడేసరికి మా బూజు పెరగడానికి మొరాయించేది. పైగా ప్రొటీన్లను కోసే ప్రోటియేజ్‌లను కూడా అదే వదులుతుంది కాబట్టి, తాను చేసిన ఫైటేజ్‌ను తానే ముక్కలు చేసుకునేది, వడ్డించకముందే గిన్నె ఖాళీ చేసే పిల్లల్లాగా. బుజ్జగించి దారికి తేవడానికి రెండేళ్ళు పట్టింది.

అనుమతులన్నీ వచ్చాక, చేవెళ్ళలో దాణా దుకాణం నడిపే నాగభూషణం శేటు, ముందుగా ఒక చిన్న చోట వాడి చూద్దామన్నాడు. మా యూనిట్‌కు దగ్గర్లోని హిమాయత్‌నగర్ అనే పల్లెలో బాలమ్మ అవ్వకు ఒక రేకుల షెడ్డు, కొన్ని గుడ్ల కోళ్లు ఉండేవి. వాటి మీదే ఆమె ఇల్లు గడిచేది. ఆమెకిచ్చే దాణాలో ఫాస్ఫరస్ కోసం వేసే ఖనిజం పొడి తగ్గించి, బదులుగా మా ఫైటేజ్ కలిపారు.

కొన్ని వారాలకు శేటు ఫోన్ చేశాడు. "మేడం, అవ్వ కోళ్లు కుంటుతున్నయ్. గుడ్లు చేతిల వట్టుకుంటెనే పలుగుతున్నయ్. ముసలామె నోటికాడి కూడు తీసినట్టయింది గదా."

ఖనిజం పొడి వెంటనే మళ్ళీ కలపమని చెప్పాను. మొదట అనుమానించింది నా బూజునే. ప్రోటియేజ్ కొంత మిగిలిపోయి, దాణా సంచిలోనే ఫైటేజ్‌ను తినేసిందేమో అనుకున్నాను. అవ్వ దగ్గరున్న సంచి నుంచే నమూనా తెప్పించి పరీక్ష చేస్తే ఎంజైమ్ నిక్షేపంగా ఉంది. సంచిలో ఉన్నది కోళ్లకెందుకు అందడం లేదో తెలియలేదు.

మరునాడు పొద్దున్నే షేర్ ఆటో ఎక్కి హిమాయత్‌నగర్ వెళ్ళాను. షెడ్డు ముందు మూడు రాళ్ళ పొయ్యి, దాని మీద పెద్ద గిన్నె. అవ్వ మా దాణాను కుతకుత ఉడికిస్తోంది.

"ఇదేందవ్వా, రోజు ఉడకవెడ్తవా?"

"చలికాలం గదా బిడ్డా. గండిపేట చెరువు దిక్కుకెళ్లి గాలి గొడ్తది. పొల్లగాండ్లకు సల్లటి తిండి పెడ్తమా?"

పొల్లగాండ్లంటే కోళ్లే. ఆ వేడికి ఎంజైమ్ ఎందుకూ పనికిరాకుండా పోతుంది. రెండేళ్ళ నా చాకిరీ రోజూ ఆ గిన్నెలో ఉడికిపోతోందన్నమాట. కోపం రావాలి. రాలేదు సరికదా, ఆమె మీద ప్రేమ పుట్టుకొచ్చింది.

"పాలు కాగుతుంటే తోడేస్తవా అవ్వా?"

"ఎందుకేస్త? గోరెచ్చగయినంక ఏస్త. కాగే పాలల్ల ఏస్తే ఇరిగిపోతయ్."

"ఇది గూడ అంతే. ఇంకనుంచి మా పొడి వేరే పొట్లంల ఇస్త. దాణా ఉడకవెట్టుకో, గోరెచ్చగయినంకనే పొడి కలుపు."

అవ్వ గరిటె ఆపింది. ఒక కుంటి కోడిని ఒళ్ళోకి తీసుకుని దాని కాళ్ళు నిమిరింది.

"గట్ల జెప్పాలె గద బిడ్డా. దీంట్ల పానం ఉన్నదని నాకెవ్వలు జెప్పిన్రు? తెల్వక ఉడకవెడ్తి."

ఎంజైమ్‌కు ప్రాణం ఉండదు. అది ఒట్టి ప్రొటీన్. ఆ మాట చెప్పబోయి, ఆమె కళ్ళల్లో నీళ్ళు చూసి, గరిటె అందుకుని గిన్నె కలిపాను.

ఖనిజం పొడితో కోళ్లు తేరుకున్నాయి. ఆ తర్వాత ఖనిజం మళ్ళీ తగ్గించి, పొట్లంలోని ఫైటేజ్‌ను గోరువెచ్చటి దాణాలో కలిపితే, కోళ్లు నిక్షేపంగా నడిచాయి, గుడ్ల పెంకూ గట్టిపడింది. ట్యాంకు నుంచి గేటు దాకా ఆ ఎంజైమ్ సంగతంతా నాకు తెలుసు. గేటు దాటాక ఎవరి ప్రేమ దాన్ని ఏం చేస్తుందో అవ్వ దగ్గరే తెలుసుకున్నాను.

ఇప్పుడు దాణా వాడకం చెప్పడానికి ఎక్కడికి వెళ్ళినా, "దీంట్ల పానం ఉన్నది" అనే మొదలుపెడతాను. పక్కనున్న కుర్ర సైంటిస్టులు మొహాలు చిట్లిస్తారు. చిట్లించనీ. ఆ మాట విన్నవాళ్ళెవరూ దాన్ని ఇంతవరకు పొయ్యి మీద పెట్టలేదు.