బాబాయి అడిగిన ధర

బాబాయి పోయాడని పిన్ని ఫోను చేసినప్పుడు నేను విశాఖలో నెట్ సెంటర్లో కూర్చుని ఎవరిదో వెబ్‌పేజీకి రంగు మారుస్తున్నాను. జ్వరం మొదలైన నాలుగో రోజట. "నీకు పరీక్షలని, సెప్పొద్దన్నాడే" అంది పిన్ని. ఫోను పెట్టేశాక కూడా ఆ రంగు సరిచేసి, సేవ్ చేసి లేచాను. ఎందుకలా చేశానో నాకిప్పటికీ తెలియదు.

బాబాయిది చింతపల్లి దగ్గర కొండవాలున చిన్న కాఫీ తోట. నీడ కోసం పెంచిన సిల్వర్ ఓక్ చెట్ల నిండా మిరియం తీగలు. సంతలో ఆయన మిరియాలు అమ్మే తీరంటే మా చుట్టాలందరికీ వేళాకోళం. కొనేది మా నాన్నయినా సరే, పూర్తి ధర చెప్పేవాడు, పైసా తగ్గించేవాడు కాదు. తూకం అయ్యాక మాత్రం గుప్పెడు మిరియాలు వేరే కాగితంలో పొట్లం కట్టి పైన పెట్టేవాడు. అది కొసరు.

"సొంత అన్నకి కూడా అదే ధరేట్రా?" అని నాన్న విసుక్కునేవాడు.

"ధర సరుక్కి అన్నయ్యా, కొసరు సుట్టరికానికి. రెండూ ఒక పొట్లంలో కట్టకూడదు" అనేవాడు బాబాయి.

డిగ్రీలో చేరాక నేను వెబ్‌పేజీలు చేయడం నేర్చుకున్నాను. మొదట వచ్చినవాళ్లంతా చుట్టాలే. అరకులో లాడ్జీ నడిపే మా బావ "మనలో మనకేటే" అంటూ నేను అడిగినదాన్ని సగానికి కోసేశాడు. అప్పట్నుంచీ చుట్టాలకి ఎంత చెప్పాలన్నది నాకు ఏ పరీక్షలోనూ రానంత కష్టమైన ప్రశ్న. ఎక్కువ చెబితే పొగరంటారు. తక్కువ చెబితే అదే అలవాటైపోతుంది.

సెలవులకి వెళ్లినప్పుడు బాబాయి తోటలో నిచ్చెన మీంచే అడిగాడు. "నా మిరియాలకి ఒక పేజీ సెయ్యాలే గుంటా. సిల్లరకి ధర నేను సెప్తన్నాను గానీ, బస్తాలకి షావుకారే సెప్తన్నాడు. కంప్యూటర్లో నా ధర నేను రాసుకుంటే ఆడు కొట్టెయ్యలేడు గదా."

ఒక మెట్టు దిగి, "ఎంత తీసుకుంటావు?" అన్నాడు.

నాకు సిగ్గేసింది. నన్ను భుజాన మోసిన మనిషికి ధర చెప్పడమా! "నీ దగ్గర డబ్బులు తీసుకోవడమేంటి బాబాయ్, ఊరికే చేస్తాను" అన్నాను, చాలా గొప్పగా.

ఆయన మొహం చిన్నబోయింది. "అలాగనకే. ఎంతో ఒకటి సెప్పు. కొసరు కావాలంటే ఆనక ఎయ్యి."

నేను చెప్పలేదు.

ఆ సాయంత్రమే పేజీకి మాటలు రాసి సంబరంగా చదివి వినిపించాను. "మంచు ముద్దాడిన కొండల ఒడిలో పుట్టిన నల్లని ముత్యాలు..." పొయ్యి దగ్గర్నుంచి పిన్ని నవ్వింది. బాబాయి ఓపిగ్గా అంతా విని, "బాగుందే. ఇందులో మిరియం ఎక్కడుంది?" అన్నాడు. అప్పుడు ఉడుక్కున్నాను గానీ, రాయడం గురించి నాకు ఎవరైనా చెప్పిన మొదటి పాఠం అదే.

విశాఖ వచ్చేశాక డబ్బిచ్చినవాళ్ల పనులకి గడువులుండేవి. బాబాయి పనికి గడువు లేదు. ఈ వారం, వచ్చే వారం అనుకుంటూ ఉండగానే రెండు పంటలు దాటిపోయాయి. ఆయన ఒక్కసారీ గుర్తు చేయలేదు. ఫోన్లో "తిన్నావేటే? అక్కడ ఎండలెలాగున్నాయి?" అని మాత్రం అడిగేవాడు. అది ఓర్పు అనుకున్నాను.

పదకొండో రోజున పిన్ని చెప్పింది. "అడగొచ్చు గదా అంటే, ఊరికే సేత్తన్న గుంటని బేగి సెయ్యమని ఏ మొహం పెట్టుకుని అడుగుతానే అనీవోడు. ధర సెప్పుంటే ఈపాటికి గదమాయించీవోణ్ణి అని నవ్వీవోడు."

ప్రేమ అనుకుని నేను ఆయనకి నన్ను తిట్టే హక్కు లేకుండా చేశాను. ఇప్పుడు ఎంత చెప్పినా వినేవాళ్లు లేరు. పేజీ ఇప్పుడైనా పూర్తి చేస్తానని పిన్నితో అన్నాను. "బస్తాలు మొన్ననే షావుకారు పట్టుకుపోయేడే, ఆడు సెప్పిన ధరకే" అంది పిన్ని, నన్ను ఏమీ అనకుండా.

తిరిగి వచ్చేటప్పుడు, జీపు కదలబోతుంటే నా ఒళ్లో ఒక సంచి పెట్టింది. పేజీ అయ్యాక నాకిమ్మని బాబాయి ఎప్పుడో కట్టి అటక మీద ఉంచాడట. ఘాటీ రోడ్డు మలుపుల్లో విప్పి చూశాను. నిండుగా మిరియాలు. వాటి పైన, పాత నోటుపుస్తకం కాగితంలో, వేరుగా కట్టిన చిన్న పొట్లం.