ఉతికినా పోని బొమ్మలు

మీరు గిజెల్లా అత్తని కలిసి తీరాల్సిందే. బుడాపెస్ట్‌లో ట్రాము మలుపు దగ్గర, పాత నాలుగంతస్తుల లోగిలిలో ఉండేది. గుండీల ఫ్యాక్టరీలో పని. ఒక గది, ఒక వంటిల్లు. స్నానం వంటింట్లోనే, రేకు తొట్టిలో. మోకాళ్ళు అరిగిపోయాక ఆ తొట్టిలోంచి లేవడమే ఒక యుద్ధం. స్నానాలగది ఉన్న కొత్త సర్కారు ఫ్లాటు కోసం ఏళ్ళుగా ఎదురుచూస్తోంది.

ఆ లోగిలి మొత్తానికీ పైకప్పు కింద హాలంత అటక, అందులో బట్టలారేసుకునే తాళ్ళున్నాయి. ఒక్కో కుటుంబానికి ఒక్కో రోజు వంతు. గురువారం గిజెల్లాది. ఆ రోజు తాళంచెవి ఆమెదే, ఎవరూ అడ్డురారు.

1971లో పై వాటాలో లోరింట్స్ అనే బొమ్మలేసేవాడు ఉండేవాడు. సర్కారు అనుమతుల కమిటీ అతని బొమ్మల ప్రదర్శన వద్దంది. దాంతో రంగులు మానేసి, తెల్ల దుప్పట్ల మీద మాటలు రాయడం మొదలెట్టాడు.

"బొమ్మ ఆలోచనలోనే ఉంటుంది అత్తా. గీయక్కర్లేదు."

"అయితే ఇవాళ కూర కూడా నా ఆలోచనలోనే ఉంది. కడుపునిండా తిను."

అతను నవ్వి ఒక దుప్పటి చూపించాడు. "ఇక్కడ మీరు వదిలొచ్చిన కిటికీ ఉంది" అని రాసుంది. గిజెల్లా చాలాసేపు దాన్నే చూసింది. సోల్నోక్‌లో పుట్టింటి కిటికీ, దాని మీద ఎర్రపూల కుండీ, అన్నీ కనబడ్డాయి.

"గురువారం ఇవన్నీ అటకలో ఆరేసి, నీవాళ్ళని పిలువు. తాళంచెవి నేనిస్తా," అంది.

గురువారం మధ్యాహ్నం అటక నిండా జనం. తాళ్ళ నిండా దుప్పట్లు. ఎవరో చెప్పారు కాబోలు, బిల్డింగు పెద్ద కోజ్మా రొప్పుతూ మెట్లెక్కాడు.

"ఏంటిది గిజెల్లా? ప్రదర్శనా?"

"నా వంతు కామ్రేడ్. బట్టలారేసుకుంటున్నా."

"ఇంతమంది నీ బట్టలు చూడ్డానికొచ్చారా?"

"మీరూ వచ్చారుగా."

ఎవరో కిసుక్కుమన్నారు. కోజ్మా ఒక దుప్పటి పట్టుకుని నలిపాడు. "పొడిగా ఉందే. ఈ తాళ్ళ మీద తడిబట్టలే వెయ్యాలి, తెలుసుగా?" ఆమెను పక్కకి లాగి గొంతు తగ్గించాడు. "ఇవి ఆ లోరింట్స్‌వని ఒక్క మాట చెప్పు. ఫ్లాట్ల ఆఫీసులో నీ గురించి నేను చెప్తా. స్నానాలగది ఉన్న ఇల్లు, గిజెల్లా. లేకపోతే ఆ తొట్టే నీకు గతి."

గిజెల్లా మోకాళ్ళు ఆ మాట విన్నాయి. ఆమె మాత్రం లోరింట్స్ వైపు చూసింది. అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. అనుమతి లేకుండా ప్రదర్శన పెట్టాడని తేలితే పోలీసులే.

దుప్పట్లన్నీ తాళ్ళ మీంచి లాగింది. మూలనున్న నీళ్ళ గంగాళంలో ముంచింది. సిరా నీలంగా కారిపోయింది. "అయ్యో" అన్నారు జనం. ఒక్కో దుప్పటీ పిండి మళ్ళీ తాడుకేసింది. నీళ్ళు కోజ్మా బూట్ల మీద పడ్డాయి.

"ఇప్పుడు తడే," అంది.

అందరూ గుడ్లప్పగించారు. లోరింట్స్ మెల్లగా ఒక ఖాళీ దుప్పటి ముందు నిలబడి, "ఇక్కడ మీరు వదిలొచ్చిన కిటికీ ఉంది," అన్నాడు. పక్కనున్న అమ్మాయి తను చదివింది చెప్పింది. తర్వాత ఇంకొకరు. చెరిగిపోయినవన్నీ ఒక్కొక్కరి నోట బయటికొస్తున్నాయి.

"ఆఖరిసారి అడుగుతున్నా. ఇవెవరివి?" అన్నాడు కోజ్మా.

"నావే. మరకలు పోలేదు. వచ్చే గురువారం మళ్ళీ ఉతుకుతా."

ఆ ఫ్లాటు వేరేవాళ్ళకి వెళ్ళింది. ఆ మోకాళ్ళతో, ఆ తొట్టితో, మీరైతే ఏం చేసేవాళ్ళు?