మేకుకు మిగిలిన బిళ్ళ

మూడుసార్లు ఇచ్చిన దరఖాస్తుకు గని ఆఫీసు ఒక్కసారి కూడా జవాబు రాయలేదు. ఆ జవాబు కోసం ఎదురుచూస్తూనే మా లాంప్ రూం కాక మంగళవారం పొద్దున దవాఖానలో పోయాడు. ఊపిరితిత్తులు చెడి పోయాడని కాగితం ఇచ్చారు. ఆ కాగితం మాత్రం గంటలో వచ్చింది.

ఆయన నాకు చుట్టం కాదు. సెంటినరీ కాలనీలో వాళ్ల క్వార్టరుకూ మా క్వార్టరుకూ మధ్య ఒకటే గోడ. గనిలో దిగే ప్రతి మనిషీ తన నంబరున్న ఇత్తడి బిళ్ళను ఆయన కిటికీలో ఇచ్చి, టోపీకి పెట్టుకునే లైటు తీసుకుంటాడు. పైకి వచ్చాక లైటు ఇచ్చి బిళ్ళ తీసుకుంటాడు. ఇచ్చిన బిళ్ళను కాక మేకుకు తగిలిస్తాడు. మేకుకు బిళ్ళ మిగిలిందంటే ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు. తన షిఫ్టు అయిపోయినా, ఆఖరి మనిషి పైకి వచ్చేదాకా కాక కదిలేవాడు కాదు. "బువ్వ చల్లారితే మళ్ల ఉడుకు చేస్కోవచ్చు. మనిషి చల్లారితే?" అనేవాడు.

నాన్నకు ఆరోగ్యం చెడితే ఆయన ఉద్యోగంలోకి నేను వచ్చాను. డిగ్రీ మధ్యలో వదిలి పుస్తకాలు కట్టకట్టి అటక మీద పడేశాను. ఆరేళ్ల తర్వాత ఆ కట్ట దించింది కాకే. దుమ్ము దులిపి, "ఏందిరా, ఎలుకలు పాసైతున్నయి. నువ్వెప్పుడు పాసైతవ్?" అన్నాడు.

పెద్దపల్లిలో దూరవిద్య కేంద్రంలో చేరాను. మా షిఫ్టు వారానికొకసారి మారుతుంది. కాలేజీ టైం ఎవడి కోసమూ మారదు. కాక తన ఇంట్లో ఒక చెక్కకు మేకులు కొట్టాడు. అడ్డంగా వారంలో రోజులు, నిలువుగా మూడు షిఫ్టులు. పాత బిళ్ళకు ఎర్ర దారం కట్టి, నేను ఏ రోజు ఏ షిఫ్టు దిగి క్లాసుకు వెళ్లాలో ఆ మేకుకు వేలాడదీసేవాడు. నిద్రకు మేకే లేదు కాకా అంటే, "బస్సుల పో" అన్నాడు.

పోయినేడు ప్రాక్టికల్ పరీక్ష శనివారం పొద్దున. కాక బిళ్ళ శనివారం నైట్ షిఫ్టు మేకుకు పెట్టాడు. నేను ఆ షిఫ్టు దిగి, పైకి రాగానే మసి మొహంతోనే బస్సెక్కాను. వెళ్తే గదికి తాళం.

"పరీక్ష నిన్ననే అయిపాయె తమ్మీ. ఇయ్యాల ఐతారం" అన్నాడు వాచ్‌మన్.

గనిలో శనివారం రాత్రి దిగినవాడు ఆదివారం ఏడింటికి పైకి వచ్చినా, హాజరు పుస్తకంలో అదంతా శనివారమే. ఇద్దరికీ ఆ లెక్కే అలవాటు. దిగాల్సింది శుక్రవారం రాత్రి. ఏడాది పోయింది.

మూడోరోజు కాక నా పళ్లెంలో పులుసు పోస్తూ, "తప్పు నాదేరా. ముప్పయ్యేండ్లు లైట్లు ఇచ్చిన, పొద్దెప్పుడు పొడుస్తదో మర్చిపోయిన" అన్నాడు. అందులో సగం నాదని నేను అనలేదు. ఇప్పుడు అన్నా వినేవాడు లేడు.

ఈ ఏడు ప్రాక్టికల్ క్లాసులు రెండు వారాలు, పగటిపూట. ఒక్కటి తప్పినా పరీక్షకు రానివ్వరు. ఈసారీ తప్పితే నా గడువు అయిపోయి పేరే కొట్టేస్తారు. అందుకే రెండు వారాలూ నైట్ షిఫ్టే ఇవ్వండని అడిగాను. సెలవు అడగలేదు, తేలిక పని అడగలేదు. ఎవడూ అడగని షిఫ్టు అడిగాను. నేను వెళ్తే నోరు పారేసుకుంటానని దరఖాస్తు గని ఆఫీసుకు కాకే పట్టుకుపోయాడు.

"వరుసగ రెండు వారాలు రూల్ల లేదు కాక" అన్నాడు గుమాస్తా.

"లేదనే రాసియ్యి బిడ్డా. గదైనా చేతుల పట్టుకుంట."

"రాసుడు సారు పని."

"సారేడి?"

"రేపు రా."

ఆ రేపటి కోసం ఆయాసంతో మూడుసార్లు ఆఫీసు మెట్లెక్కాడు. సోమవారం దవాఖానలో, ముక్కుకు గొట్టంతోనే అడిగాడు: "కాయిదం వచ్చిందారా?"

"వచ్చింది కాకా. ఇచ్చిండ్రు."

"చూపియ్యి."

జేబులు తడుముకున్నాను. కాక నన్నే చూసి, నవ్వబోయి దగ్గాడు. "అబద్ధం గూడ సప్లిమెంటరీలనే పాసైతవురా నువ్వు" అన్నాడు. నాతో అన్న ఆఖరి మాట అదే.

బుధవారం సమాధి చేసి వచ్చాక కాక భార్య, మా చిన్నమ్మ, ఆ మేకుల చెక్క ఊడదీసి నాకివ్వబోయింది. వద్దన్నాను. దాని మీద ఈసారి ఆదివారం నైట్ షిఫ్టు మేకుకు, సోమవారం పొద్దున క్లాసుకు అందేలా, ఎర్ర దారం బిళ్ళ వేలాడుతోంది. దవాఖానకు పోయే ముందు కాక పెట్టిందే.

గని ఆఫీసులో సంతకం పెట్టే సారుకు చెప్తున్నా. క్లాసులు వచ్చే సోమవారం మొదలవుతాయి. ఈ శనివారం మొదటి షిఫ్టు పైకి వచ్చేలోపు, అంటే పగలు మూడింటిలోపు, అవునో కాదో రాసి సంతకం పెట్టి ఇవ్వండి. ఈసారి శనివారం అంటే అందరి శనివారమే. లాంప్ రూం కిటికీ ముందు నిలబడి ఉంటాను. కాక గోడ మీద బిళ్ళ ఇంకా మేకుకే ఉంది.